అరుగెక్కిన కండెల బుట్ట

వెంకటనర్సుకూ లీలమ్మకూ మాటల్లేవని సాలెల వాడంతా రెండు నెలలు చెప్పుకుంది. అది శుద్ధ అబద్ధం. కొత్త పడుగు మగ్గమెక్కింది కాబట్టి ఇప్పుడు అసలు సంగతి చెప్పినా నష్టం లేదు.

పుకారు పుట్టించింది ఎదురింటి అండాలు. ఆమె చూసింది చూసినట్టే చెప్పింది, అర్థమే తిరగబడింది. నేత ఇంట్లో దారం చుట్టిన కండెలను మగని చేతికందేలా పెట్టడం ఇల్లాలి పని. ముప్పై ఏళ్లుగా లీలమ్మ ఆ బుట్టను మగ్గం గుంట అంచునే పెట్టేది. అలాంటిది బుట్ట వాకిట అరుగెక్కింది. వెంకటనర్సు మూలుగుతూ గుంటలోంచి లేచి, నడుం మీద చేతులు పెట్టుకొని అరుగు దాకా వచ్చి, ఒక్క కండె తీసుకొని, మాటా పలుకూ లేకుండా లోపలికి పోతున్నాడు. ఆయన నులక మంచం గోడకు నిలబెట్టి ఉంది, పడక నేల మీదికి దిగింది.

"మంచం గుంజుకున్నది, కండెలిచ్చుడు బంద్ వెట్టింది. ఇంకేం మిగిలిందే?" అంది అండాలు నల్లా దగ్గర.

లీలమ్మ విని కూడా బిందె ఎత్తుకొని వచ్చేసింది. నిజం చెబితే కొంప మునుగుతుంది. వెంకటనర్సుకు నడుం పట్టేసింది. నడుం పోయిన నేతగాడని తెలిస్తే, నూలిచ్చి చీరలు నేయించుకునే సేటు తర్వాతి పడుగు ఇంకొకరికి ఇస్తాడు. మగ్గం లేని మొగుణ్ణి రోజంతా ఇంట్లో ఊహించుకోవడమే ఆమె వల్ల కాలేదు. గయ్యాళి అన్న పేరే నయమనుకుంది.

నడుం పట్టిన కొత్తలో ఇసుక కాపడం పెట్టారు, తైలం రాశారు. తువ్వాలు బిగించి ఆయన మళ్లీ గుంటలోనే కూర్చున్నాడు. చివరికి దవాఖానలో డాక్టరమ్మ కాళ్లెత్తించి చూసి, తిమ్మిరి లేదని తెలుసుకొని, ఆపరేషన్ అక్కర్లేదంది.

"కుంగిన మంచం వద్దు, వంగి బరువులెత్తొద్దు. అరగంటకోపారి లేవాలె తాతా."

"గుంటల కూసున్నోనికి గడియారం యాదికుంటదా బిడ్డా?"

లీలమ్మకు మాత్రం యాదికొచ్చింది. ఒక్క కండె అరగంట లోపే అయిపోతుంది. కండె అయిపోతే దాన్ని మోస్తూ అటూ ఇటూ తిరిగే నాడె ఆగుతుంది, నాడె ఆగితే మనిషీ ఆగాలి. ఇంటికొచ్చిన మరుక్షణం బుట్టను అరుగు మీద పెట్టి, పక్కనే రాట్నం వేసుకొని కూర్చుంది.

మూడోనాడు వెంకటనర్సు నాలుగు కండెలు లుంగీ మడతలో దోపుకున్నాడు.

"ఏందయ్యా, పల్లీలు దొంగిలిచ్చినోని లెక్క! ఒక్కటే తీస్కో."

"సేటు చీరడుగుతడే."

"ముందుగాల నడుమడుగుతాంది."

పొద్దున్నే తలుపేసి నేల మీద కసరత్తు చేయించేది. లోపల ఆయన మూలుగు, ఆమె "ఒకటి... రెండు... ఇంకొక్కటి" అని లెక్కపెట్టడం. అండాలు వీధి గోడకు చెవి పెట్టి, లీలమ్మ మొగుణ్ణి కొడుతోందని తేల్చేసింది.

పడుగు అయిపోయింది. చివరి చీరను మగ్గం మీంచి కోసి, వెంకటనర్సు నిటారుగా నిలబడి మడత పెడుతున్నాడు. మర్నాడే సేటు రాక. అండాలు ఇక ఆగలేకపోయింది. గడప దాటి వచ్చి అడిగేసింది.

"నర్సన్నా, దాచకు. వదిన నిన్ను కొడ్తాందా?"

లీలమ్మ రాట్నం ఆగిపోయింది. వెంకటనర్సు భార్య వైపొకసారి, చీర వైపొకసారి చూశాడు.

"కొట్టుడు గాదు చెల్లె. నడుం వట్టేస్తే, కండె కండెకు లేపి నిలవెట్టింది. నువ్వడిగినవు గనుక చెప్తున్న. రేపు సేటు అడిగితే మాత్రం, కొడ్తాందనే చెప్పు."