మబ్బు మాట పూజారి చెప్పాడని

ఏళ్ల తరబడి ఒక అబద్ధం నాతో పాటు సభలకు వస్తోంది. వేదిక ఎక్కుతుంది. నేను హేతువు గురించి మాట్లాడుతుంటే పక్కనే కూర్చుని వింటుంది. ఇవాళ మీకు చెప్పేస్తున్నాను. మీకే ఎందుకు? మధ్యలో చప్పట్లు కొట్టి నన్ను కాపాడరు గనక.

పెదకాకాని అవతల ఒక పల్లె. అక్కడి మిరప రైతులు కలిసి కాయ దాచుకోవడానికి చిన్న శీతల గది కట్టుకున్నారు. పైన సోలార్ పలకలు, లోపల బ్యాటరీలు. తేలాల్సింది ఒక్కటే: దానికి కరెంటు లైను కూడా తీసుకోవాలా, వద్దా? సభ పెట్టి నన్ను పిలిచారు. బొగ్గు పొగను తిడుతూ, సూర్యశక్తిని పొగుడుతూ అప్పటికే ఎన్నో వ్యాసాలు రాసినవాణ్ణి.

ఆ ఉదయమే పలకలు బిగించిన ఇంజనీరు ఫోన్లో స్పష్టంగా చెప్పాడు. బ్యాటరీలు రాత్రిని దాటిస్తాయి గానీ ముసురును దాటించలేవు. మబ్బు వదలనప్పుడు థర్మల్ కరెంటో, జలవిద్యుత్తో లైను మీద రావాల్సిందేనని. ఆ మాటే సభలో చెబుదామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

నాకంటే ముందు గుడి పూజారి గారు లేచారు.

"సూర్యుడు దేవుడేనండీ, రోజూ దణ్ణం పెట్టుకునేవాణ్ణి. అయినా ఆయనక్కూడా మబ్బు అడ్డం వస్తుంది కదా! లైను కూడా ఉంచుకోండి."

అచ్చం ఇంజనీరు మాటే. పూజారి నోట వినేసరికి నాకు ఒళ్లు మండింది. సంస్కర్తల వాదాల మధ్య పెరిగినవాణ్ణి, ఒక అర్చకుడితో ఏకీభవించి వేదిక దిగడమా?

"మబ్బొస్తే మీరో హోమం చేసి తోలెయ్యండి పంతులు గారూ! లైనెందుకు మాకు?" అన్నాను.

"ఒరేయ్, పంతుల్ని భలే పట్టాడ్రా సారు!" అని ఎవరో అరిచారు. జనం విరగబడి నవ్వారు. లైను వద్దని తీర్మానించారు. గెలిచాను. దేని మీద? నాకు తెలిసిన నిజం మీద.

ఆ తర్వాత అల్పపీడనం వచ్చింది. ముసురు వదల్లేదు. ఊళ్లో ఇళ్లల్లో లైను మీద దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. శీతల గది మాత్రం బ్యాటరీలు అయిపోయి వేడెక్కింది. చల్లటి కాయకు చెమట పట్టి, బూజు కట్టింది. ఎర్రటి కాయ నల్లబడి బస్తాల్లోనే కుళ్లింది.

తప్పెక్కడుందో చెప్పమని ఊరు నన్నే మళ్లీ పిలిచి అడిగింది. అప్పుడైనా నిజం చెప్పి ఉండాల్సింది. "గది తలుపు మాటిమాటికీ తీసి ఉంటారు, అందుకే బ్యాటరీలు అయిపోయాయి" అన్నాను.

తాళం సువార్తమ్మ దగ్గర ఉండేది. కౌలు చేను చేసుకుంటూ ఆ గదిని కనిపెట్టుకుని ఉండే మనిషి. ఆమె కాయ కూడా అందులోనే పోయింది. ఆ పూటే ఆమెను పనిలోంచి తీసేశారు.

బస్సు దాకా నా వెనకే వచ్చింది. తిడుతుందనుకున్నాను.

"తలుపు తీసినట్టు నాకైతే గుర్తులేదండి. చదువుకున్నోళ్లు, మీరు చెప్పారంటే తీసే ఉంటాన్లెండి సార్."

ఎవరో చెప్పారని దేన్నీ నమ్మవద్దని ఊరూరా తిరిగి బోధించినవాణ్ణి. నా ఎదుట ఒక మనిషి నా మాటను నమ్మి తన జ్ఞాపకాన్నే వదులుకుంటోంది. నేనేమన్నాను? "ఇకనైనా జాగ్రత్తగా ఉండమ్మా" అన్నాను. బస్సెక్కాను.

చెప్పినవాడెవడో చూసి మాటను తూచడమే మూఢత్వమని రాసిన చెయ్యి ఇదే. పూజారి చెప్పాడని నిజాన్ని తోసేశాను. నేను చెప్పానని ఆమె అబద్ధాన్ని మోసింది. ఇద్దరిలో మూఢులెవరు?

ఆ ఊరు వెళ్లి ఆమె ముందు నిలబడే ధైర్యం ఇంకా రాలేదు. ఇది అచ్చయితే అక్కడా చదువుతారు, చదవాలనే రాస్తున్నాను. క్షమించమని అడగను. రాస్తుంటే మాత్రం గుండె మీద బరువు కొంచెం కదిలింది.

సువార్తమ్మా, మీరు తలుపు తీయలేదు.