పంతొమ్మిది రోజుల తెల్లజాగా

చెస్టర్ కోవల్ అవతలి పక్షానికి అమ్ముడుపోయాడనీ, అందుకే పని పోయిందనీ పోలిష్ హిల్ పేటలో గుప్పుమంది. చర్చి కింది వంటగదిలో కజ్జికాయల్లాంటి పిరోగీల అంచులు నొక్కే ఆడవాళ్లలో సగం మందిది అదే మాట. మిగతా సగం, కళ్లు మసకబారి లెక్క తప్పాడన్నారు. రెండూ తప్పే. ఆ సంగతి అతని మేనత్త బెర్నిస్‌కి తెలుసు. ఈ గొడవంతటికీ కారణమైన అతని బొమ్మ అట్ట, కోర్టు గుమ్మం ఎక్కకముందు ఆమె ఇంటి మెట్లే ఎక్కింది మరి.

చెస్టర్‌ది వింత పని. పిట్స్‌బర్గ్ లాయర్లు పెట్టెలకొద్దీ పంపే కాగితాలు చదివి, జ్యూరీలో కూర్చునే పన్నెండు మంది మామూలు జనానికి తలకెక్కేలా ఒక్క బొమ్మగా మార్చాలి. ముప్పై ఏళ్లుగా ఎవరు పిలిస్తే వాళ్లకి గీశాడు. తీర్పు కోసం జ్యూరీ తలుపు మూసుకున్నాక ఆ బొమ్మను లోపలికి తీసుకెళ్లనివ్వరు. కళ్లలో మిగిలిందే మిగిలినట్టు. అందుకని పేర్లు కప్పేసి ప్రతి అట్టనూ ముందు బెర్నిస్‌కి చూపేవాడు. పది అంకెలు లెక్కపెట్టి బోర్లించేవాడు. నాలుగో తరగతితో బడి మానేసి, వీధిలో ఎవరి పొయ్యి మీద ఏముందో చెప్పగల మనిషి ఆమె. ఆమెకు అందితే పన్నెండు మందికీ అందినట్టే.

ఆ మార్చిలో తెచ్చిన అట్ట ఒక ఇంటి యజమాని తరపుది. ఇల్లు వెచ్చబెట్టే బాయిలరు చెడి, విషపు గాలికి కింది వాటాలో ఉండే ముసలావిడ నిద్రలోనే పోయింది. ఆవిడ చెల్లెలు దావా వేసింది. మరమ్మతు వాడికి పదకొండుసార్లు ఫోను చేశాను, ఇంకేం చెయ్యనని యజమాని వాదన. ఫోనుకొక నీలం చుక్క చొప్పున, రోజుల వరసలో అతికించాడు చెస్టర్.

"ఏం కనిపించిందత్తా?"

"ఇటు రెండు చుక్కలు, అటు చివర ఒక కుప్ప. మధ్యలో ఏంట్రా అంత ఖాళీ? రంగు కాయితం అయిపోయిందా?"

"అది పంతొమ్మిది రోజులు."

"అన్నాళ్లూ ఒక్క ఫోనూ లేదూ? మరి ఆ కుప్ప?"

"తొమ్మిది. ఆవిడ పోయిన రోజు చేసినవి."

బెర్నిస్ గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది.

"లాయరు ఆ ఖాళీ కత్తిరించి, అక్కడో వంకర గీత పెట్టమన్నాడు, కొన్ని రోజులు వదిలేశామని గుర్తుగా. అప్పుడు పదకొండూ పక్కపక్కనే కూర్చుంటాయి."

"అలా చెయ్యనిస్తారా?"

"గీత ఉంటే తప్పు కాదు. అందరూ చేసేదే. ఆ గీతను ఎవరూ చూడరు."

"మరి కత్తిరిస్తావా?"

"కత్తిరించాలి," అని అట్ట చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

కత్తిరించలేదు. కోర్టులో హడావుడిగా చుక్కలు లెక్కపెట్టుకున్న లాయరు, పదకొండూ ఉన్నాయని తృప్తిపడి అట్ట నిలబెట్టించాడు. అవతలి లాయరమ్మ పెద్దగా వాదించలేదు. తెల్లజాగా మీద వేలు ఆనించి, ఒకటి, రెండు అంటూ పంతొమ్మిది దాకా నిదానంగా జరుపుకుంటూ పోయింది. చనిపోయినావిడ చెల్లెలే గెలిచింది. ఆ తరవాత ఏ లాయరూ చెస్టర్‌ను పిలవలేదు.

అప్పట్నుంచి బెర్నిస్‌కి తిన్నది వంటబట్టడం లేదు. ఆ ఖాళీ సంగతి ఎత్తింది తన నోరే కదా!

ఆగస్టులో ఒక మధ్యాహ్నం క్యాబేజీ చుట్టల గిన్నె పట్టుకుని చెస్టర్ ఇంటికి వెళ్లింది. కారు జాగా ఎవరూ ఆక్రమించకుండా వీధిలో వేసే పాత వంటింటి కుర్చీలో చెస్టరే కూర్చుని ఉన్నాడు.

"కారు అమ్మేశావటగా, ఇంక ఈ జాగా ఎవరికోసం కాస్తున్నావురా?"

"నాకోసమే. కారు బదులు మనిషిని నిలిపినా జాగా జాగాయే."

గిన్నె అతని ఒళ్లో పెట్టింది. ఆమెకు వచ్చిన నవ్వు నిలవలేదు.

"ఒక్కటి అడుగుతా, దాటెయ్యకు. నేను నోరు పారేసుకున్నందుకేనా నువ్వు కత్తిరించనిది? నీ పని పోయింది నావల్లేనా?"

చెస్టర్ మూత తీసి ఆవిరిని పక్కకి ఊదాడు.

"నీవల్ల కాదత్తా. న్యాయం కోసమూ కాదు, చర్చిలో అలా చెప్పి నన్ను సాధువును చెయ్యకు. ముప్పై ఏళ్లుగా ఎన్ని ఖాళీలు కత్తిరించానో నాకే తెలీదు. ఆ రోజూ కత్తి తీశాను. చెయ్యి లేవలేదు. అలిసిపోయాను, అంతే."