కంప్యూటర్ చెరువులో రాహుకాలం

నా మనవరాలు డయానా ఎవరితోనూ పోట్లాడే పిల్ల కాదు. బస్సులో ఎవరైనా కాలు తొక్కితే తనే సారీ చెబుతుంది. ఆ మెతకతనం చూసే దాని పైఆఫీసరు సంజీవరావు దాని కష్టం మింగేద్దామనుకున్నాడు. మింగాడు గానీ అరగలేదు.

దాని నాన్న లాజరు నా కొడుకే. కైకలూరు దగ్గర బసవయ్య గారి రొయ్యల చెరువుకి కాపలా. డయానా ఆ గట్టుమీదే పెరిగింది. పాలిటెక్నిక్ చదివి పటమటలో ఒక సోలార్ కంపెనీలో చేరింది. నా దగ్గరే ఉంటుంది. కంచంలో అన్నం చల్లారిపోతున్నా దాని కళ్ళు ల్యాప్‌టాప్ వదలవు.

ఏం చూస్తున్నావే అంటే ఒకరోజు ఉత్తుత్తి చెరువు చూపించింది. సిమ్యులేషన్ అంటారట. అందులో ఎండ కాస్తుంది, బ్యాటరీ నిండుతుంది, రొయ్యలకి గాలి అందేలా నీళ్ళు చిలికే ఏరియేటర్లు తిరుగుతాయి. ఏ టైముకి ఏ స్విచ్ పడాలో ముందే చెప్పిపెడితే దానంతట అదే పడుతుంది. పొద్దున్నపూట ఎండ చాలదు కాబట్టి ముందు బ్యాటరీ కలవాలి, తర్వాతే ఏరియేటర్లు తిరగాలి. ఆ వరస కుదరడానికి నెలల తరబడి కూర్చుంది పిచ్చిపిల్ల. రైతులకు నచ్చితే నిజం చెరువుల పని కంపెనీకి వస్తుంది. ఇది ఎవరు చేశారో ఆ పని వాళ్ళ చేతికే ఇస్తారు. డయానాది టెంపరరీ ఉద్యోగం, అది కూడా గట్టిపడుతుంది.

రైతులకు చూపించే రోజు దగ్గరపడింది. సంజీవరావు దానిమీద డయానా పేరు తీసేసి తన పేరు పెట్టుకున్నాడు. అది చాలలేదు కాబోలు, ముందురోజు ఇంకో పని చేశాడు.

"నాయనమ్మా, సారు టైము మార్చేశారు," అంది ఇంటికొచ్చి.

"దేనికట?"

"అందులో చూపించేది సోమవారం. బ్యాటరీ కలిసే టైము రాహుకాలంలో పడిందట. మొదటి స్విచ్ కదా అని రాహుకాలం దాటాక పెట్టారు. మిగతావి కదపలేదు. ఇప్పుడు బ్యాటరీ లేకుండానే ఏరియేటర్లు మొదలవుతాయి. కరెంటు చాలక అన్నీ ఆగిపోతాయి."

నాకు నవ్వాగలేదు. రాహువు కంప్యూటర్లోకి కూడా దూరాడన్నమాట.

"రేప్పొద్దున్నే సారుకి చెప్పేస్తాను," అంది.

"చెప్పావంటే నా చేతి కూడు ముట్టుకోకు."

"పాపం నాయనమ్మా. క్షమించాలని పాస్టరుగారు చెబుతారుగా."

"క్షమిద్దాంలే. ముందు పడనీ. పడకముందే క్షమిస్తే వాడికేం తెలుస్తుంది?"

మర్నాడు అన్నం క్యారేజీ వంక పెట్టుకుని నేనూ వెళ్ళాను. ఇది ఎక్కడ చెప్పేస్తుందోనని నా భయం. ముందు వరసలో బసవయ్య గారు, వెనక మిగతా రైతులు. డయానా ఆ టైము సంగతి చెప్పడానికే సంజీవరావు పక్కన నిలబడింది. ఇంతలో ఆయన మైకు అందుకున్నాడు.

"ఇదంతా నేనొక్కణ్ణే చేశానండీ. ఈ అమ్మాయి టైపింగుకి సాయం, అంతే."

డయానా నోరు మూసుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. నేను కళ్ళెర్రజేయాల్సిన పనే పడలేదు.

తెరమీద తెల్లారింది. ఏరియేటర్లు ఒక చుట్టు తిరిగి ఆగిపోయాయి. తెరంతా ఎరుపు.

"ఏమండీ, నా రొయ్యల గతి కూడా ఇంతేనా?" అన్నారు బసవయ్య గారు.

"ఈ అమ్మాయే ఏదో తప్పు కొట్టుంటుందండీ."

"ఒక్కణ్ణే చేశానన్నారు కదండీ ఇందాక?"

సంజీవరావు చెమట తుడుచుకున్నాడు. నేను కడుపునిండా చూశాను.

బసవయ్య గారు ఇటు తిరిగారు. "ఏమ్మా లాజరు కూతురా, నీకేమన్నా తెలుసా?"

"తెలుసండీ. సారు కుర్చీలోంచి లేస్తే చూపిస్తాను."

లేవక ఏం చేస్తాడు, లేచాడు. ఇది కూర్చుని బ్యాటరీ టైము పాత చోటికే తెచ్చింది. ఏరియేటర్లు సాయంత్రం దాకా తిరిగాయి.

"మరి ఇందాక ఎందుకాగిందమ్మా?"

"సారు రాహుకాలం చూసి మొదటి స్విచ్ ఒక్కటే జరిపారండీ."

రైతుల నవ్వులు వింటుంటే గోంగూర పచ్చడిలో ఉల్లిపాయ కొరికినట్టుంది నాకు.

చెరువుల పని డయానా చేతికి వచ్చింది. సంజీవరావుని మైలవరం వైపు పనులకి పంపేద్దామా అని కంపెనీ ఓనరు దీన్నే అడిగాడట. వద్దండీ, నా దగ్గరే ఉంచండి అందట.

"జాలిపడ్డావుటే దరిద్రపుదానా?" అన్నాను.

"జాలి కాదు నాయనమ్మా. మైలవరం పోతే సారు చేసింది మర్చిపోతారు. ఇక్కడుంటే ఏ స్విచ్ ఎప్పుడు పడాలో రోజూ నన్నే అడగాలి."

మెతక పిల్లనుకున్నాను. నాకంటే ముదురు.