గుంతకల్లులో చిల్లర

నా చిన్నప్పుడు ఒక ఇంగ్లీషు మాట మీద వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు. ఆ మాట ‘చేంజ్’. ఈ రోజుకీ ఆటో అబ్బాయి “చేంజ్ లేదమ్మా” అంటే నాకు ఒళ్ళు మండుతుంది. పాపం, అతను చేసిన తప్పేముంది, చిల్లర లేదన్నాడు, అంతే.

మాది నంద్యాల దగ్గర పల్లె. అణాలు, బేడలు చెల్లే రోజులు. మా ఇంట్లో ఇంగ్లీషు ముక్క వచ్చింది నాకొక్కదానికే. ఫస్టు ఫారం, అంటే ఇప్పటి ఆరో తరగతి, చదువుతున్నాను. మా అయ్యవారు మాటలూ అర్థాలూ బోర్డు మీద రాసి బట్టీ పట్టించేవారు. చేంజ్ అంటే చిల్లర. తడబడకుండా అప్పజెప్పి శభాష్ అనిపించుకున్నాను. దానికి ఇంకో అర్థం ఉందని ఆ మహానుభావుడు ఒక్క ముక్క చెప్పలేదు.

మా జేజికి, అంటే మా నాయనను కన్న తల్లికి, ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోదానికి నీటికాసులు వచ్చాయి. త్వరగా ఆపరేషన్ చేయకపోతే అదీ దక్కదన్నారు. మద్రాసులో గుమాస్తాగా ఉన్న మా చిన్నాయన కళ్ళాసుపత్రి చుట్టూ తిరిగి తిరిగి ఒక మంచం సంపాదించి, తంతి, అదే టెలిగ్రాం, కొట్టాడు. బెడ్ రెడీ, కమ్ ఫ్రైడే, చేంజ్ గుంతకల్. తంతికి మాటకింత అని డబ్బు కట్టాలి కదా, ఆయన అక్కడ పొదుపు చేశాడు. ‘ట్రెయిన్’ అని ఇంకొక్క మాట వేసి ఉంటే ఆయన సొమ్మేం పోయేది?

నేను అరుగు మీద నిలబడి అందరికీ వినబడేలా చదివాను. మంచం ఉంది, శుక్రవారానికి రావాలి, గుంతకల్లులో చిల్లర కావాలి. మా జేజినాయన, అంటే మా తాత, ఒక్క ప్రశ్న వేయలేదు. ఐదు రూపాయల నోటు పట్టుకుని అంగడికి పోయి, శెట్టిని బతిమాలి, తిత్తి నిండా అణాలు తెచ్చాడు. ఇంగ్లీషు వచ్చినదాన్నని నన్నూ వెంటబెట్టుకుని, మరుసటి రోజు పొద్దున్నే జేజితో నంద్యాలలో రైలెక్కాడు.

గుంతకల్లులో రైలు చాలాసేపు ఆగింది. జేజినాయన తిత్తిని ఒళ్ళో పెట్టుకుని, చిల్లర అడగడానికి ఎవరొస్తారా అని తలుపు వైపే చూస్తున్నాడు. ఎదురుగా కూర్చున్న సాయిబు ఒకాయన “యాడికప్పా?” అన్నాడు. మద్రాసుకని చెబితే, “అట్లయితే ఈడ దిగల్ల. మద్రాసు మెయిలు ఈడికే వస్తాది. ఈ బండి బళ్ళారి పోతాది” అన్నాడు. జేజినాయన సగం లేచాడు.

నేను ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. తంతి కాగితం తీసి సాయిబు ముందు ఆడించి, దిగమని ఇందులో ఎక్కడుందో చూపించమన్నాను. నీకు ఇంగ్లీషు వచ్చా అని కూడా అడిగాను. ఆయన నవ్వి, “నాకేడ వస్తాది తల్లీ, ఎక్కేది దిగేది తెలుసు, అంతే” అన్నాడు. జేజినాయన ఆయన వైపు చూశాడు, నా వైపు చూశాడు. “సదువుకున్న పిల్ల సెప్తాంది గదప్పా” అని మళ్ళీ కూర్చున్నాడు. బండి కదిలింది.

బళ్ళారి దగ్గర టిక్కెట్లు చూసే ఆయన వచ్చి నెత్తి కొట్టుకున్నాడు. గుంతకల్లులో బండి మారాలని మీకెవరూ చెప్పలేదా అన్నాడు. నా చేతిలోని తంతి చూసి, చేంజ్ అన్న మాట మీద వేలు పెట్టి, ఇక్కడ రాసే ఉంది కదా అన్నాడు. చేంజ్ అంటే మారడం కూడానట. నేను నోరు తెరిచేలోపే జేజినాయన కాగితం నా చేతిలోంచి తీసుకుని మడిచి, “నిద్రబోయినా సామీ, తెలీలేదు” అన్నాడు. తిత్తిలోని అణాలన్నీ జరిమానాకే సరిపోయాయి.

తిరుగు బండి పట్టుకుని మద్రాసు చేరేసరికి శుక్రవారం దాటిపోయింది. మంచం ఇంకొకరికి ఇచ్చేశారు. మళ్ళీ దొరకడానికి నెల పట్టింది. ఆపరేషన్ అయితే చేశారు గానీ, జేజికి వెలుతురూ నీడా తప్ప ఏమీ మిగల్లేదు.

ఊరికొచ్చాక చూడ్డానికి వచ్చిన ప్రతి ఒక్కరూ జేజినాయనను తిట్టిపోశారు. మా నాయనయితే చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆడపిల్లకు ఈ ఇంగ్లీషు చదువులెందుకని అప్పటికే సణుగుతున్న మనిషి మా నాయన. అసలు సంగతి తెలిస్తే నా బడి ఆ పూటే ఆగిపోయేది. జేజినాయన మాత్రం తాను నిద్రపోయానన్న మాట చివరిదాకా మార్చలేదు.

ఒకరోజు నాకు ఉండబట్టలేదు. అరుగు నిండా జనం ఆయనను దులిపేస్తుంటే, తప్పు నాదని చెప్పేద్దామని లేచాను. పక్కనున్న జేజి తడుముకుని నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. రైల్లో నా పక్కనే కూర్చుని, నేను సాయిబుతో వాదించినదంతా విన్న మనిషి. వచ్చినవాళ్ళతో తాపీగా అంది, “నిద్రబోయేదే గాదు, గురక గూడా పెట్నాడు. నేనే లేపలేకపోతి.”

ఆ తర్వాత నేను ముప్పై ఏళ్ళు పిల్లలకు ఇంగ్లీషు చెప్పాను. ఎవరైనా ఒక మాటకు అర్థం చెప్పగానే “ఇంకా?” అని అడిగేదాన్ని. చెప్పాం కదా టీచర్ అని విసుక్కునేవాళ్ళు. విసుక్కోనీ. ఎవరూ పెట్టని ఆ గురక నాకింకా వినబడుతూనే ఉంది.