అందరి చెవులూ కొలిచిన బర్నబా

మనుషులు ఎదురైతే కొందరు నమస్కారం పెడతారు, కొందరు నవ్వి ఊరుకుంటారు. మా బర్నబా కొలుస్తాడు.

మడమ నుంచి చెవి దాకా, నూలుదారంతో. మీరు ఎవరైనా సరే. "ఓపాలి నిటారుగా నిలబడండి" అంటాడు. ఎందుకని మీరు అడిగేలోగా దారం ఒక కొస మీ మడమ కింద తొక్కించి, రెండో కొస మీ చెవి దాకా లాగి, ముడి వేసుకుని, "దేవుడు మిమ్మల్ని సల్లగా సూడాల" అని వెళ్ళిపోతాడు. చక్కిలిగింత పుట్టి కదిలారో, మళ్ళీ మొదటి నుంచి కొలుస్తాడు.

నన్ను ఏడుసార్లు కొలిచాడు.

"ఏటి తమ్ముడూ, ఈ వయసులో పెరుగుతానా నేను?"

"లేదక్కా, తగ్గేవేమోనని."

ఒక ఆదివారం పూజ అయ్యాక మా ఫాదర్‌గారు గుడి వాకిట్లో నిలబడి అందరినీ దీవిస్తున్నారు. బర్నబా వంగి దీవెన అందుకుని, లేస్తూ లేస్తూ ఫాదర్‌గారి కొలత కూడా పట్టుకుపోయాడు. "శిల్పి కదమ్మా, అతని ప్రార్థన అలా ఉంటుందేమో" అన్నారాయన, చెవి రుద్దుకుంటూ.

బర్నబాది ముంచింగిపుట్టు వైపు ఊరు. విశాఖలో శిల్పం చదువుకున్నాడు, పట్నాల్లో ప్రదర్శనలు పెట్టాడు. మా కాలేజీ, కొండ మీదికి ఘాట్‌రోడ్డు ఎక్కి వచ్చేసరికి, సరిగ్గా పక్కనే ఉంటుంది. గేటు ముందు ఒక శిల్పం పెట్టించాలని పైనుంచి ఉత్తర్వు వచ్చినప్పుడు, లైబ్రరీలో పుస్తకాలు సర్దుకునే నేను నోరు ఊరుకోక, "మా బర్నబా ఉన్నాడండి సార్" అన్నాను. పని అతనికే ఇచ్చేశారు.

అక్కడి నుంచి మొదలైంది. శిల్పి వచ్చి కొలత తీసుకుంటే ఎవరైనా ఏమనుకుంటారు? కొలిపించుకున్న ప్రతివాళ్ళూ అదే అనుకున్నారు.

గేటు ఎదురుగా కిరాణా కొట్టు అప్పారావు జుట్టుకి రంగు వేశాడు. "నాకు కుడేపు మొకం బాగుంటాది. బర్నబాకి నువ్వు సెప్పు లూర్దమ్మా, నాను సెప్తే బాగోదు" అన్నాడు. మా ప్రిన్సిపాల్ భాస్కర్‌గారు రోజూ గేటు దగ్గర ఒక చెయ్యి పైకెత్తి, కొండల వైపు చూస్తూ నిలబడడం మొదలుపెట్టారు. "సార్, బస్సు కోసమా?" అని అడిగి తిట్లు తిన్నాను. వారం వారం అల్లం గంప నెత్తిన పెట్టుకుని సంతకొచ్చే యర్రమ్మ, "నా బొమ్మేటికి తల్లీ, పళ్ళు కూడా లేవు" అని ముసిముసిగా నవ్వింది. తర్వాతి సంతకి తల నున్నగా దువ్వి, పువ్వు పెట్టుకుని వచ్చింది.

"ఇంతకీ ఎవరి బొమ్మయ్యా?" అని ఎవరు అడిగినా బర్నబాది ఒకటే జవాబు. "అందరిదీనండి." అందరిదీ అంటే అందులో తామూ ఉన్నట్టే కదా. ఎవరికి వారు సంతోషించారు.

ఆ సంతోషం ప్రదర్శన రోజు దాకానే నిలిచింది. అసలు శిల్పం ఆవిష్కరణకి వారం ముందు సెమినార్ హాల్లో తన పని చూపించాడు. తలుపు తీస్తే ఏముంది, వరుసగా నల్లరాతి స్తంభాలు! పైన నున్నగా, చదునుగా ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో పేరు చీటీ. అప్పారావు తన పేరు వెతుక్కుని, దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు.

"నా మొకం ఏదిరా?"

"అక్కర్లేదండి."

"అక్కర్లేదా! ఏభై ఏళ్ళుగా దీన్నే ఏసుకుని తిరుగుతన్నాను."

"సోములు" అని రాసి ఉన్న స్తంభం ముందు ఆగి, "మరి ఈ సోములు ఎక్కడ?" అని అడిగారు ప్రిన్సిపాల్‌గారు. "మోపు నెత్తినెట్టుకుని సంతకెల్లాడండి" అని వినయంగా చెప్పాడు బర్నబా.

సాయంత్రం ఆయన నన్ను గదిలోకి పిలిచారు. "లూర్దమ్మగారూ, మీ మాట మీద ఇచ్చాను. ఉత్తర్వు ఇచ్చిన కమిటీ వాళ్ళు విశాఖ నుంచి వస్తున్నారు. వాళ్ళు కాదంటే ఆ రాయిని అక్కడికక్కడే ఎత్తించేస్తాను. ఇక ఏ కాలేజీ వాళ్ళూ అతన్ని గడప తొక్కనివ్వరు." ఆ వారమంతా నేను జపమాల చేతిలోంచి దించలేదు.

ఆవిష్కరణ సంత రోజే జరగాలని బర్నబా పట్టుబట్టాడు. పొద్దున్నే ఊరంతా మంచి బట్టలు కట్టుకుని వచ్చింది. ఎత్తుకుపోయే క్రేను కూడా వచ్చి పక్కన నిలబడింది. కమిటీ పెద్ద బిందుమాధవిగారు తెర లాగారు.

గోడ. పొడుగాటి నల్లరాతి గోడ. మెట్లు మెట్లుగా దిగుతూ, ఒక చోట ఎత్తుగా, ఒక చోట పొట్టిగా. దాని మీద ముఖం లేదు, చెయ్యి లేదు, కనీసం ఒక పువ్వయినా లేదు.

"ఇది శిల్పమా, కట్టడం ఆగిపోయిన ప్రహరీయా?" అన్నారు బిందుమాధవిగారు.

ప్రిన్సిపాల్‌గారు నా వైపు చూశారు. నేను మరియతల్లి వైపు, అంటే ఆకాశం వైపు చూశాను. ఆయన చెయ్యి ఊపగానే క్రేను డ్రైవరు ఇంజిను వేశాడు. బర్నబా మాత్రం రోడ్డు వైపే చూస్తూ, "బేగి రా తల్లీ, బేగి రా" అని గొణుక్కుంటున్నాడు.

ఘాట్‌రోడ్డు మలుపులో యర్రమ్మ కనబడింది. నెత్తిన గంప, ఒళ్ళంతా చెమట. మా కొండల్లో నెత్తిన బరువు దించాలంటే ఇంకొకరి చెయ్యి కావాలి, ఎత్తాలన్నా కావాలి. ఒంటరిగా నడిచేవాళ్ళు, దించితే మళ్ళీ ఎత్తే దిక్కుండదని, మెడ విరిగిపోతున్నా సంత దాకా దించరు.

యర్రమ్మ ఆగింది. గోడని పైనుంచి కిందికి చూసింది. అదెందుకో ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. తన చెవి ఎత్తున్న మెట్టు దగ్గరికి వచ్చి, తల కొంచెం వంచి, గంపని మెల్లగా రాతి మీదికి జరిపింది. "హమ్మయ్య" అని ఊపిరి వదిలి, మెడ అటూ ఇటూ తిప్పుకుంది. వెనకే వచ్చినవాళ్ళు, పొట్టివాళ్ళు పొట్టి చోట, పొడుగువాళ్ళు పొడుగు చోట, తమ ఇంట్లో అలమారలా బరువులు సర్దేసుకున్నారు. గోడ నిండిపోయింది.

బిందుమాధవిగారు క్రేను వైపు తిరిగి, "రాయిని ముట్టుకోకండి" అన్నారు. నా ప్రాణం నాకు తిరిగొచ్చింది.

ప్రిన్సిపాల్‌గారి గొంతు మెత్తబడింది కానీ సందేహం తీరలేదు. "ఇంతవరకూ బాగానే ఉందయ్యా. నేనూ, ఫాదర్‌గారూ బరువులు మొయ్యం కదా? మమ్మల్ని ఎందుకు కొలిచావు?"

బర్నబా తల గోక్కున్నాడు. "బరువులు మోసీవోల్లనే ఆపి కొలిత్తే, ఊరందరి ముందూ సిగ్గుపడతారు సార్. మిమ్మల్నీ ఫాదర్నీ కూడా కొలిసేననుకోండి, ఇంక సిగ్గేటి?"

ఏడుసార్లు కొలిచాడని నవ్విన నేను, ఆ ఏడుసార్లూ నా తర్వాత అతను కొలిచింది గంపలు మోసేవాళ్ళనేనని అప్పుడు గుర్తు చేసుకున్నాను.

ఇంతలో క్రేను డ్రైవరుకి జాలి కలిగినట్టుంది. ఇంజిను ఆపి, దిగి పరుగున వచ్చి, "ఉండమ్మా, నాను ఎత్తుతాను" అని యర్రమ్మ గంప మీద చెయ్యి వేశాడు.

యర్రమ్మ ఆ చెయ్యి మీద ఒక్కటి వేసింది. "నువ్వు తప్పుకో నాయినా, దారికి అడ్డం" అని, గంపని రాతి అంచుకి లాక్కుని, దాని కింద తల పెట్టి, ఎవరి సాయమూ లేకుండా లేచి, చేతులు ఊపుకుంటూ సంతకి వెళ్ళిపోయింది.