జలాంతర్గామి ఆటా, ఇసుక బకెట్టూ

ఇవాళ తమ్ముడి ఫోన్‌లో జలాంతర్గామి ఆట చూశాను. రాజమండ్రిలో గోదావరి గట్టు పక్కన మన కంప్యూటర్ సెంటర్ గుర్తుందా? తడి గోనెసంచి మీద చెప్పులు వదిలి, జిడ్డు పట్టిన మౌస్ కోసం కొట్టుకునేవాళ్లం. ఆ ఆటలో మన సత్తిబాబే మొనగాడు. ట్యాంకుల్లో నీళ్లు నింపితే జలాంతర్గామి మునుగుతుంది. గాలితో ఆ నీళ్లను బయటికి నెట్టేస్తే తేలుతుంది. మనం ఆలస్యం చేసేవాళ్లం. గాలి చాలక అది అడుగునే ఉండిపోయేది.

సత్తిబాబు నాన్న ఇసుక పడవలో కూలీ. వెదురు గడ పట్టుకుని నదిలో మునిగి, బకెట్ నిండా ఇసుకతో పైకొచ్చేవారు. ఒకరోజు రేవులో వాడు ఆయనతో అన్నాడు.

"నాన్నా, ఊపిరందకపోతే బకెట్ వదిలెయ్యి. బరువు పోతే నువ్వే తేలిపోతావ్."

ఆయన నవ్వారు. "ఖాళీ చేతుల్తో తేలితే మేస్త్రి రేపు పడవెక్కనిస్తాడేంట్రా? నీ ఆటలో మేస్త్రి లేడు కాబోలు!"

వరద తీసిన వారానికి, మునిగిన ఆయన మళ్లీ పైకి రాలేదు. మర్నాడు బయటికి తీస్తే బకెట్ తాడు మణికట్టుకి రెండు చుట్లు తిరిగి ఉంది. జారిపోకూడదని ఆయనే చుట్టుకున్నారు.

ప్రమాదమని అందరూ అన్నారు. కూలీ చచ్చిపోతే వాడుకునే ఆ మాట ఎవరు కనిపెట్టారో గానీ, నాకు ఒళ్లు మండిపోతుంది. మేస్త్రి ఆ తాడు విప్పించి, అదే బకెట్ ఇచ్చి, మధ్యాహ్నానికల్లా ఇంకొకర్ని దించాడు. గట్టు మీద నోరు మూసుకుని చూసింది మనమే.