గేటు లేని చార్టు

బస్సులకు రోడ్డు మధ్యన వేరే దారి వెయ్యాలని 1996లో బిలాస్‌పూర్ పెద్దమనుషులకు బుద్ధి పుట్టింది. ఆ దారిలోకి ఆటో రాకూడదు, స్కూటర్ రాకూడదు, ఆవు రాకూడదు. ఆవుకి ఈ సంగతి ఎవరు చెబుతారో మాత్రం ఎవరూ రాసుకోలేదు. దీనికొక సలహా సంఘం వేశారు. అందులో టైపు గుమాస్తాని నేనే. సంఘం ఎన్ని సమోసాలు తిన్నదో, ఎన్ని రోడ్లు చూసిందో నాకు తెలుసు. రోడ్లన్నీ జీపులోంచే చూసింది.

సంఘానికి పెద్ద, భోపాల్ నుంచి వచ్చిన ఇంజనీరు తిరుమలరావు గారు. విదేశీ బస్సుల ఫొటోలు గోడ మీద వేసి చూపించేవారు. స్టేషన్ నుంచి ఊరి చివరున్న మోప్కాకి బస్సులో పద్దెనిమిది నిమిషాలని లెక్క తేల్చారు. ఎలా తేల్చారంటే, ఒక ఆదివారం మధ్యాహ్నం జీపులో వెళ్లొచ్చారు.

వేళల పట్టిక గియ్యడానికి త్రినాథరావు గారిని పిలిపించారు. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి రైలు పనికి వచ్చిన కుటుంబం వాళ్లది. ఆయన రైల్వే కంట్రోల్ ఆఫీసులో ఇరవై ఏడేళ్లు పనిచేసి రిటైరయ్యారు. చెవికి ఫోను తగిలించుకుని, ఏ బండి ఏ స్టేషన్ ఎప్పుడు దాటిందో పెద్ద కాగితం మీద గీతలు గియ్యడం ఆ ఉద్యోగం. ఆ చార్టు మీద రబ్బరు పెట్టకూడదు. తప్పు పడితే ఒక్క గీతతో కొట్టేసి, పక్కన టైము వేసి సంతకం చెయ్యాలి. డ్యూటీ దిగేటప్పుడు అడుగున సంతకం పెట్టాలి. ఎక్కేవాడు దాని కింద పెట్టాకే కుర్చీ వదలాలి. ప్రమాదం జరిగితే విచారణలో ఆ కాగితమే సాక్ష్యం. ఇన్నేళ్లలో ఆయన సంతకానికి ఒక్క మచ్చ పడలేదు. మోప్కాలో కట్టుకున్న రెండు గదుల ఇంటికన్నా ఆయనకి అదే ఎక్కువ.

పిలిచారని పొంగిపోయారు పాపం. మోప్కా దారిలో రైల్వే గేటు దగ్గర స్టూలు వేసుకుని, గేటు ఎప్పుడు పడిందీ ఎప్పుడు లేచిందీ పదిహేను రోజులు రాసుకున్నారు. బొగ్గు గూడ్సులకి టైంటేబుల్ ఉండదు. రోజు మొత్తం మీద ఏడు గంటలు గేటు మూసే ఉంది. బస్సులకి నీలం గీతలు, గేటు పడిన వేళలకి ఎర్ర పట్టీలు వేసి చార్టు తెచ్చారు.

"ముందు గేటు మీద బ్రిడ్జి కట్టించండి సార్. లేపోతే మీ బస్సు కూడా ఆటోల్తోపాటే ఆగిపోద్ది."

"గేటు మన పరిధిలోకి రాదండీ," అన్నారు తిరుమలరావు గారు. రోడ్డుకి అడ్డంగా పడేది రోడ్డు వేసేవాళ్ల పరిధిలో ఉండదని నాకు ఆ రోజే తెలిసింది. "మీరు సంతకం చెయ్యండి, చాలు."

చేశారు.

నెలకి సంఘం పుస్తకం అచ్చయింది. అట్ట మీద ఆ చార్టే. త్రినాథరావు గారికి ఇవ్వడానికి నేనే మోప్కా వెళ్లాను. ఆయన భార్య కనకమ్మ గారు ముందు చూశారు.

"ఏటండీ ఇది? గేటేదీ?"

ఎర్ర పట్టీలు లేవు. నీలం గీతలు ఎక్కడా ఆగకుండా సాగిపోయాయి. కింద ఆయన సంతకం మాత్రం చెక్కుచెదరలేదు.

"రబ్బరెట్టిందెవరు బాబూ?" అని అడిగారాయన.

"నాకేం తెలుసండీ," అన్నాను. అబద్ధం. బొమ్మ శుభ్రంగా ఉండాలని తిరుమలరావు గారు చెరిపించినప్పుడు పక్కనే ఉన్నాను. నోరెత్తలేదు. నా మీద నాకు ఇప్పటికీ అసహ్యమే.

కొన్నాళ్లకి, పరీక్షగా మొదటి బస్సు స్టేషన్ నుంచి పొద్దున పది గంటలకి బయల్దేరింది. బంతిపూల దండలు, అధికారులు, పత్రికవాళ్లు. డ్రైవరు వెనక అట్టకి అంటించిన చార్టు. త్రినాథరావు గారినీ పిలిచారు, చార్టుకి ఎదురుగా కూర్చున్నారు. పది పద్నాలుగుకి గేటు పడింది. ఒక గూడ్సు పోయింది. గేటు లేవలేదు. ఎదురు నుంచి ఇంకోటి వస్తోందన్నారు. పక్కన ఆటోవాళ్లు మా దండలు చూసి పగలబడి నవ్వుతున్నారు.

"ఈ టైంటేబుల్ వేసిందెవరు?" అని పత్రికాయన అడిగాడు.

తిరుమలరావు గారు చార్టు మీద సంతకానికి వేలు ఆనించారు. "రైల్వే మనిషి. ఆయన్ని నమ్మాం."

త్రినాథరావు గారు లేచి, జేబులోంచి ఎర్ర పెన్సిల్ తీశారు. పది పద్నాలుగు దగ్గర పట్టీ మొదలుపెట్టి, లేచే టైము తెలీదు గనక చివర ఖాళీగా వదిలేశారు. తన సంతకాన్ని ఒక్క గీతతో కొట్టేసి, టైము వేసి, పక్కన సంతకం చేశారు. పెన్సిల్ తిరుమలరావు గారి ముందు పట్టారు.

"ఛార్జి తీసుకోండి సార్. కింద మీ సంతకం ఎట్టండి. అది లేకండా నేను దిగకూడదు."

తిరుమలరావు గారు కిటికీలోంచి బయటికి చూశారు. ముసలాయన చెయ్యి అలాగే చాచి ఉంది. నాకు ఇక చూడబుద్ధి కాలేదు. లేచి వెళ్లి పెన్సిల్ తీసుకున్నాను. "రబ్బరు పెడుతున్నప్పుడు అక్కడే ఉన్నానండీ," అని చెప్పి, కింద సంతకం చేశాను.

ఆయన నా ముఖం చూడలేదు. సంతకం చూశారు.

"టైమెయ్యలేదు," అన్నారు.

పది నలభై వేశాను. అప్పుడు దిగారు. గేటు ఇంకా లేవలేదు.